నేలను తాకే చెయ్యి

నేను ఏలూరు కాపురానికి వచ్చిన మరుసటి ఏడు మా చిన్నత్తగారు రంగూన్ నుంచి తిరిగొచ్చారు. మా అత్తగారికి సొంత చెల్లెలు ఆవిడ. భర్త అక్కడ బియ్యం మిల్లులో పనిచేస్తూ జ్వరమొచ్చి పోయారు. కాకినాడలో ఓడ దిగి మా గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడ వెంట ఒక ట్రంకుపెట్టె, చంకలో దుప్పటి చుట్టిన మూట. పెట్టె బండివాడు దించాడు. మూటని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

విప్పితే బుద్ధుడి బొమ్మ. మూరెడెత్తు టేకు చెక్కకి నల్ల లక్క పూసి, పైన బంగారు రేకు అద్దారు. రంగూన్‌లో గొడవలు జరిగినప్పుడు పక్కింటి బర్మా ఆవిడ వీళ్ళిద్దర్నీ తన ఇంట్లో దాచిందట. వీడ్కోలు చెప్పేటప్పుడు తాను రోజూ దణ్ణం పెట్టుకునే ఈ బొమ్మనే చేతిలో పెట్టిందట.

మా అత్తగారు వెంటనే బొమ్మకి తలంటడానికి నూనెగిన్నె తెచ్చారు.

"వద్దక్కా! తడి తగిలితే లక్క పొంగుతుంది, బంగారం పెచ్చులూడిపోతుంది."

"స్నానం చెయ్యని దేవుడేం దేవుడే? నా దేవుడి గూట్లో మాత్రం పెట్టకు."

అలా బుద్ధుడు నడవలో పీటమీద కూర్చున్నాడు. చిన్నత్తగారు రోజూ పొడి మెత్తటి గుడ్డతో ఒత్తకుండా తుడిచేవారు. మడతల్లో దుమ్ముని ఈకతో తీసేవారు. నేను పక్కన చేరి ప్రశ్నలు వేసేదాన్ని.

"ఆ చెవులేవిటండీ, భుజాలదాకా ఉన్నాయి?"

"రాజుగారబ్బాయి కదమ్మా. బరువైన పోగులు పెట్టుకుని సాగిపోయాయి. అన్నీ వదిలేసినా తమ్మెలు అలాగే ఉండిపోయాయి."

"కుడిచెయ్యి కిందకి వేలాడేశారేం?"

"వేలాడెయ్యలేదు, నేలను తాకుతున్నారు. తపస్సు చెడగొట్టడానికి వచ్చిన మారుడు, నీ తపస్సుకి సాక్షి ఎవరని అడిగితే, ఈ భూమే సాక్షి అని చూపించారట."

వంటింట్లో మా అత్తగారి గరిటె చప్పుడు ఆగేది.

ఆ వానాకాలం తమ్మిలేరు పొంగి మా వీధిలోకి నీళ్ళొచ్చాయి. మేము బియ్యం అటకెక్కించే హడావిడిలో ఉండగా పీట తేలి ఒరిగిపోయింది. బొమ్మ గోడకి కొట్టుకుని కుడిచేతి వేళ్ళు విరిగి నీళ్ళలో ఎటో కొట్టుకుపోయాయి. నీరు తీశాక బురదంతా వెతికాం, దొరకలేదు. ఎండలో పెడితే చెక్క పగులుతుందని చిన్నత్తగారు దాన్ని నీడలోనే ఆరబెట్టారు. ఏడవకుండా దాని పక్కనే కూర్చున్నారు.

బాగా ఆరాక, గుడి వాహనాలు చెక్కే వడ్రంగిని పిలిపించాం. పెద్దాయన. బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఈ చెయ్యి కోసేసి అభయహస్తం పెట్టేద్దామండీ. దీవిస్తున్నట్టు ఉంటుంది, చూడ్డానికి నిండుగానూ ఉంటుంది."

చిన్నత్తగారు నోరు తెరిచేలోపే లోపల్నుంచి మా అత్తగారు వచ్చేశారు.

"అలా వీల్లేదండీ. అది సాక్ష్యం చూపించే చెయ్యి. నేలమీదే ఉండాలి."

చిన్నత్తగారు అక్కవైపు చూసి చప్పున తల తిప్పుకున్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం నేను అప్పుడే చూశాను.

పెద్దాయనకి పట్టుదల వచ్చింది. "నేలను తాకే దేవుణ్ణి నేనెప్పుడూ చెక్కలేదమ్మా, ఉండండి" అని మా నడవలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కుడిచెయ్యి మోకాలిమీంచి కిందకి దించి, ఏ వేలు ముందు ఆనుతుందో చూసుకున్నారు. "పక్కనుంచి ఎలా ఉందండీ?" అని నన్నడిగారు. మోచెయ్యి బిగుసుకుందన్నాను. వదులు చేశారు. ఇప్పుడు బాగుందన్నాను.

వారం తిరక్కుండా వేళ్ళు కుదిరాయి. లేతరంగు టేకు, గీతలు గీతలుగా చెక్క కనిపిస్తోంది.

"బంగారు రేకు అద్దించమంటారా?" అని అడిగారాయన.

చిన్నత్తగారు ఆ వేళ్ళని తడిమి చూశారు. "అవసరం లేదండీ. దెబ్బ తగిలిందని తెలియనివ్వండి" అన్నారు.

మా అత్తగారు ఆయనకి మజ్జిగ తెచ్చి ఇచ్చారు. ఆయన తాగుతూ, ఆ చెవులు అంత పొడుగ్గా ఎందుకున్నాయని అడిగితే, చిన్నత్తగారికంటే ముందు ఆవిడే చెప్పడం మొదలుపెట్టారు.