ఉప్పునీళ్లు తాగిన ఇంజను

బందరులో మాది రోల్డుగోల్డు కొట్టు. మా ఇంట్లో ఎవరైనా చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చి ఓ వస్తువు తెస్తే, ఆ పూట భోజనాల దగ్గర అతని గురించి జ్వరం తగిలిన మనిషి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవాళ్లం. నేను వంకాయలు కూడా పుచ్చులు చూపించి బేరమాడి కొంటాను. పుచ్చు కనపడకపోతే తొడిమ బరువెక్కువ అంటాను.

అలాంటి ఇంటికి అల్లుడై వచ్చాడు మా అక్క మొగుడు. వాళ్లది నాగాయలంక దగ్గర ఊరు. బావ ఒక పాత పెట్రోలు అంబాసిడరు కొనుక్కుని బాడుగలకు తిప్పేవాడు. బందరు ఆస్పత్రికి ఇంత, బెజవాడకు ఇంత అని ఒకే మాట చెప్పేవాడు. ఎదుటివాడు బేరం మొదలుపెడితే తాళంచెవి జేబులో వేసుకుని, "బస్సు ఉందండీ, పొద్దున్నే" అనేవాడు. అందులో కోపం ఉండేది కాదు. ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పేవాడు.

మా నాన్నకు ఆ పద్ధతి నచ్చేది కాదు, వంక పెట్టడానికీ ఏమీ దొరికేది కాదు. అక్క వచ్చినప్పుడల్లా, "ఆ కారు ఆగిన రోజున కొట్లో చోటుందమ్మా, రమ్మను" అనేవారు. అక్క ఆ మాటను మా గుమ్మం దాటించేది కాదు. అయినా అది బావకు తెలుసు.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం ఆ కారు చల్లపల్లిలో ఆగింది. బావ ఎస్టీడీ బూతు నుంచి కొట్టుకు ఫోను చేసి, "ఒకసారి రారా, మీ నాన్నకు చెప్పొద్దు" అన్నాడు. ఫోను ఎత్తింది మా నాన్నే. ఆయన రిసీవరు నా చేతిలో పెట్టి, మళ్లీ గొలుసులు తుడుచుకోసాగారు.

నేను వెళ్లేసరికి బాడుగవాళ్లను బస్సెక్కించేసి, కారుకు చేరగిలబడి నిలబడి ఉన్నాడు. బానెట్టు కింద అంతా పసుపు చారలు. కారుతున్న రేడియేటరులో పసుపు పోస్తే చిల్లి మూసుకుంటుందని మా వైపు డ్రైవర్ల నమ్మకం. ఈసారి మూసుకోలేదు. గుడివాడ రైసుమిల్లుకు వడ్లు తోలే లారీ ఒకటి దొరికితే దానికి తాడుతో కట్టి, పామర్రు మీదుగా అక్కడి కార్ల మేస్త్రీ షెడ్డుకు బయల్దేరాం.

"ఇదిగో బావా, మేస్త్రీ దగ్గర నేను మాట్లాడతాను. ఇంజను బాగా నడిచేదనిగానీ, పాడైందనిగానీ నువ్వు అనకు" అన్నాను.

"ఆగిపోయిందని అనొచ్చా?"

"అదీ అనకు."

"మరి తాడుకట్టి ఎందుకు తీసుకొచ్చారంటే?"

నేను ఏదో చెప్పబోయాను. "బ్రేకు తొక్కితే తాడు తెగుద్ది, తొక్కకపోతే లారీని గుద్దుతాం. కాసేపు నోరు మూసుకుని కూర్చో" అన్నాడు బావ.

గుడివాడ మేస్త్రీ భారీ మనిషి. కుర్చీలోంచి లేవకుండానే తన గొప్ప చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఎన్ని ఊళ్ల నుంచి తన షెడ్డుకు కార్లు వస్తాయో, ఎవరెవరు చెడగొట్టినవి తను బాగుచేశాడో అన్నీ అయ్యాక బానెట్టు ఎత్తాడు. కొనబోయే సరుకును ముందు తిట్టాలి, అది మా కొట్టు ధర్మం. ఇక్కడ మేం కొంటున్నది ఆయన పనితనం. దాన్ని ఆయన మొహం మీద తిట్టలేక ఇంజన్ని పొగడటం మొదలుపెట్టాను.

"రాయిలాంటి ఇంజనండీ. కాస్త వేడెక్కింది, అంతే. ఏదో రెండు చుట్లు బిగించి పంపించెయ్యండి."

"రాయైతే నా దగ్గరకెందుకు తెచ్చారండీ, శివాలయంలో పెట్టుకోకపోయారా?" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు ఇంజను పైభాగం విప్పారు. సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే దారులు ఉంటాయి. మేస్త్రీ అందులోకి స్క్రూడ్రైవరు దూర్చి గీకితే ఎర్రటి పెచ్చులు ఊడి పడ్డాయి. ఇంకాస్త గీకితే ఇంకా పడ్డాయి. ఆయన గీకడం ఆపి బావ వైపు చూశాడు.

"ఏం నీళ్లు పోస్తున్నారండీ?"

"చేతిపంపువి" అన్నాడు బావ.

వాళ్ల ఊళ్లో చేతిపంపు కొడితే వచ్చేది ఉప్పునీరు. తాగే నీళ్లు, కాలవ వదిలినప్పుడు చెరువుకు ఎక్కించుకున్నవి. వేసవిలో అవీ అడుగంటుతాయి. అక్క బిందెతో మోసుకొచ్చేది. ఆడవాళ్లు నెత్తిన మోసుకొచ్చిన నీళ్లు ఇంజనుకు పోస్తే పాపమని బావ ఒక్కడే కాదు, ఆ దివిసీమలో ఎవరైనా అనుకుంటారు. కార్లో ఎప్పుడూ ఒక క్యాను నిండా మంచినీళ్లు ఉండేవి, ఆస్పత్రికి వెళ్లే జనం కోసం. దాన్ని ముట్టుకోకుండా ఏళ్ల తరబడి రేడియేటరులో పంపునీళ్లే పోశాడు. ఉప్పు లోపలినుంచి ఇనుమును తింటూ వచ్చింది.

"మూడు దార్లున్నాయండి" అన్నాడు మేస్త్రీ. "ప్యాకింగు మార్చి మూసేస్తాను, వానలు పడేదాకా తిరిగితే మీ అదృష్టం. సిలిండర్లు తొలిపించి పెద్ద పిస్టన్లు వేద్దామంటే, గోడలో ఇనుము మిగల్లేదు, లేతు మీదే చిట్లిద్ది. చెయ్యమంటే చేస్తాను, తర్వాత నన్నే తిడతారు. లేదంటే దీన్ని పక్కన పడేసి ఇంకో ఇంజను తెచ్చుకోండి. బెజవాడలో వాడినవి దొరుకుతాయి."

"లోపల స్లీవులు తొడిగితే?" అన్నాను. ఆ మాట నేను పొద్దున టీ కొట్టు దగ్గర విన్నాను, అంతకుమించి నాకు దాని సంగతి తెలియదు.

"కుళ్లిన గోడకు సున్నం కొడతారా?" అన్నాడాయన.

బేరమాడటానికి అవతల ఒక మనిషి ఉండాలి. ఇక్కడ మేస్త్రీ ఏమీ అమ్మడం లేదు, ఉప్పుతో బేరం కుదరదు. బావ వంగి ఆ పెచ్చు ఒకటి తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు. అది పొడి అయిపోయింది. "మీ అక్క తెచ్చే బిందెలో సగం పోస్తే సరిపోయేది" అన్నాడు.

ఆ రోజు నేను వాళ్ల ఊరు వెళ్లి అక్కకు చెప్పాను. బావ షెడ్డు దగ్గరే ఉండిపోయాడు. అక్క దొడ్లో బియ్యం చెరుగుతోంది. అంతా విని చేట కింద పెట్టింది.

"ఎట్టాగైనా ఇంకో ఇంజను చూడరా తమ్ముడూ. నాన్న ముందు ఈయన చేతులు కట్టుకుని నిలబడటం నేను చూడలేను. ఈ ఇంట్లో ఈయన మాటకు ఎదురు లేదు. అక్కడ నాన్న లేవమంటే లేవాలి, కూర్చోమంటే కూర్చోవాలి."

"నాన్న అంత చెడ్డవాడా అక్కా?"

"చెడ్డవాడైతే బాగుండేది, పోట్లాడొచ్చు" అంది.

డబ్బు సంగతి నేను చూసుకుంటానని చెప్పి బెజవాడ వెళ్లాను. పాత ఇంజన్లు అమ్మే చోట నా ప్రతాపం చూపించాను. రంగు వేశారంటే లోపల ఏదో దాస్తున్నారన్నాను. రంగు వేయని దాన్ని చూపిస్తే, పట్టించుకోలేదంటే ఇంకెంత పాడైందో అన్నాను. కోపం వచ్చినట్టు బయటికి నడిచాను. వెనక్కి పిలిచారు. మళ్లీ నడిచాను. "మీరు ఇంజను కొంటానికొచ్చారా, పిల్లను చూసుకోవడానికొచ్చారా?" అన్నాడు కొట్టతను. చివరికి నేను అన్న ధరకే ఒప్పుకున్నాడు, ఎత్తించి పంపే ఖర్చు కూడా అతనిదే. తిరుగు బస్సులో నా అంతటివాడు ఈ జిల్లాలో లేడనుకున్నాను.

షెడ్డులో బావ ఒక టైరు మీద కూర్చుని ఉన్నాడు. ధర చెప్పాను. మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు. "నేను వెళ్లినా అంతకు రాదండీ" అన్నాడు.

"బాగా తగ్గించావు" అన్నాడు బావ. టైరు మీంచి లేచి, "తెప్పించొద్దురా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఇంకా తగ్గిస్తానన్నాను.

"నువ్వు తగ్గించేది ఇంజను ధరే కదరా. ఇక్కడ ఊరికే కూర్చుని ఈ ఏడు వచ్చిన బాడుగలన్నీ గుర్తు తెచ్చుకున్నా. ఆటోలొచ్చాక అవనిగడ్డకి నన్నెవరు పిలుస్తున్నారు? రోగం ముదిరినాక పిలుస్తారు. లేదంటే శవాన్ని ఇంటికి తీసుకెళ్లడానికి పిలుస్తారు. వాళ్ల దగ్గర ఎక్కువ అడగలేను. ఇంజను మారిస్తే కారు నడుస్తుంది. ఇల్లెట్టా నడుస్తుంది?"

"పోనీ ప్యాకింగు వేయించి వానల దాకా తిప్పు. ఈలోగా ఏదో ఒకటి చూద్దాం."

"దారిలో ఆగితే? వెనక సీట్లో నొప్పులు పడే మనిషి ఉంటే?"

మేస్త్రీ మా వైపు చూడకుండా రెంచీలు సర్దుకుంటున్నాడు. ఇక మిగిలిన ఒక్క మాట నేనే అన్నాను.

"మరి, కొట్టు?"

"తెలుసు" అన్నాడు బావ.

అక్కకు నేను చెప్తానన్నాను. వద్దన్నాడు. నువ్వు చెబితే నీతో పోట్లాడుద్ది, నేను చెబితే ఊరుకుంటుంది అన్నాడు. అలాగే ఊరుకుందట. ఏమందని అడిగితే, "అన్నం పెట్టింది" అన్నాడు.

కారును విప్పింది విప్పినట్టే మేస్త్రీకి ఇచ్చేశాం. ఆయన ఒక ధర చెప్పాడు. నేను తలుపులు బాగున్నాయన్నాను, సీట్లు మొన్నే కుట్టించామన్నాను, కాస్త పెంచాడు కూడా. మనసు ఎక్కడున్నా నోరు దాని పని అది చేసుకుపోతుంది. బావ డిక్కీలోంచి నీళ్ల క్యాను తీసుకున్నాడు. మరి వెనక్కి చూడలేదు.

వానలు పడ్డాక వాళ్లు బందరు వచ్చారు. మా ఇంట్లో ఉండనని వేరే వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు బావ. ఆ మాట మాత్రం నెగ్గించుకున్నాడు. కొట్లో మొదట్లో చాలా కష్టపడ్డాడు. గాజుల జత ఎంతంటే అసలు ధరే చెప్పేవాడు. "ఇదేంటండీ, రూపాయి తగ్గించరా? మీ మావయ్యగారైతే సగానికిచ్చేవారు" అని ఆడవాళ్లు పక్క కొట్టుకు వెళ్లిపోయేవాళ్లు. మా నాన్న అందరి ముందూ ఒక్క మాట అనేవారు కాదు. జనం వెళ్లాక, "అల్లుడుగారూ, కాస్త ఎక్కువ చెప్పండి. తగ్గించుకున్నామన్న సంతోషం వాళ్లకు మిగలాలి కదా" అనేవారు, ఎంతో మర్యాదగా. బావ లేచి నిలబడి వినేవాడు.

మరుసటి ఏడు పెళ్లిళ్ల రోజుల్లో నాగాయలంక వైపు నుంచి భార్యాభర్తలిద్దరు కొట్టుకు వచ్చారు. బావను చూడగానే గుర్తుపట్టారు. ఆ మనిషి తండ్రిని ఒకప్పుడు బావే ఆస్పత్రికి తీసుకెళ్లాడట. వాళ్లు హారం, కమ్మలు ఉన్న సెట్టు ఒకటి చూశారు. బావ ధర చెప్పాడు. అది అసలు ధరకు రెండింతలు. వాళ్లు తటపటాయిస్తే, "మన వైపువాళ్లు కాబట్టి" అని గొంతు తగ్గించి, కొద్దికొద్దిగా దిగాడు, ఒకచోట ఆగిపోయాడు, పెట్టె మూయబోయాడు. నేనైనా ఆ చోటే ఆగేవాణ్ణి. వాళ్లు తీసుకుని, నమస్కారాలు పెట్టి వెళ్లారు.

"పని పట్టుబడింది" అన్నారు మా నాన్న, నిజంగా సంతోషపడుతూ. బావ నగలు చుట్టే గులాబీరంగు కాగితాలు మడతపెట్టి సొరుగులో పెట్టుకుంటున్నాడు.

ఆ సాయంత్రం ఏదో ఇవ్వడానికి అక్క వాళ్ల గదులకు వెళ్లాను.

"కొట్లో ఎట్టా ఉన్నార్రా ఈయన?" అంది.

"బాగానే ఉన్నాడే. నాకంటే బాగా అమ్ముతున్నాడు" అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.