మూడు చిన్నవి, ఒకటి గట్టిది

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. మా అత్తగారు దిష్టి తీస్తానంటే విసుక్కునే మనిషిని. కాంక్రీటు ఎంత బరువుకి పగులుతుందో లెక్కగట్టడం నా ఉద్యోగం, ఇరవై ఏళ్ళుగా అదే పని. ఈ సంగతి చెబితే మా ఆఫీసులో వాళ్ళు "మేడమ్‌కి రెస్టు కావాలి" అంటున్నారు. నాకు రెస్టు అక్కర్లేదు. నాకు కోపంగా ఉంది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

విశాఖలో మాదొక పరిశోధన సంస్థ. పేరు అనవసరం. పాత భవనం, మిద్దె ఎక్కితే పోర్టు క్రేన్లు కనిపిస్తాయి. కింద సగంలో మేం కాంక్రీటు దిమ్మల్ని మిషన్లో పెట్టి పగలగొడతాం. మిగతా సగం జీవకణాల మీద పనిచేసేవాళ్ళది. పై అంతస్తు ఫిజిక్సువాళ్ళది. ఆకాశం నుంచి రాలే, కంటికి కనపడని కణాల్ని పట్టుకునే పరికరం కడుతున్నారు. లోకం ఎలా కట్టి ఉందో చెప్పేది మేమే. మా నెత్తిమీద కప్పు సంగతి మాత్రం ఎవరం పట్టించుకోలేదు.

మా ల్యాబులో అప్పన్న గారని టెక్నీషియన్ ఉండేవారు. జాలరిపేట మనిషి. వాళ్ళ నాన్న పడవలు బాగుచేసేవాడట, చెక్క లోపల కుళ్ళిందో లేదో సుత్తితో తట్టి చెప్పేవాడట. ఈయన అదే విద్య కాంక్రీటు మీదకి తెచ్చారు. చిన్న సుత్తితో మూడుసార్లు మెల్లగా, కాస్త ఆగి ఒకసారి గట్టిగా. చప్పుడు నిండుగా వస్తే తలూపేవారు. లేకపోతే ఒకటే మాట, "గుల్ల". కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం చూడండి, అంతే.

ఆయన గుల్ల అన్న దిమ్మ మిషన్లో పెడితే తొందరగా పగిలిపోయేది. ఆ దిమ్మల లెక్కలతో మేం పేపర్లు రాసుకున్నాం. వాటిలో మిషన్ పేరుంది, మోడల్ నంబరుంది, తయారైన దేశం పేరుంది. అప్పన్న గారి పేరు ఒక్కదాన్లోనూ లేదు. అందులో సగం పేపర్లు నావే. ఇప్పుడు తీసి చూసుకుంటే ఒళ్ళు మండుతోంది.

కిందటేడు ఫిజిక్సువాళ్ళు తమ పరికరం చుట్టూ సీసం దిమ్మలు పేర్చాలన్నారు. టన్నుల బరువు. దాన్ని మోయాల్సిన స్తంభాల్లో ఒకటి కింద మైక్రోస్కోపు గదిలో ఉంది. ఆ గదిలో శ్రావణి అనే రీసెర్చి అమ్మాయి రోజంతా పనిచేస్తుంది. గోపాలపట్నం నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఆమె కుర్చీకి, స్తంభానికి మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఆ స్తంభం బరువు మోస్తుందని సంతకం పెట్టాల్సింది నేను.

ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు, రెండు రోజుల్లో కాగితం కావాలన్నారు మా డైరెక్టరు. ఛాతీ ఎత్తులో మూడుచోట్ల ప్లాస్టరు గీకించి, కాంక్రీటు గట్టిదనం కొలిచే మీటరు పెట్టాను. అంకెలు బాగానే వచ్చాయి. అప్పన్న గారు మాత్రం స్తంభం దగ్గర గొంతుక్కూర్చుని మోకాలికి కింద తట్టారు. మూడు చిన్నవి, ఒకటి గట్టిది. మళ్ళీ తట్టారు.

"ఇది గుల్లమ్మా. నాను సెప్తన్నాను, ఓపాలి ఇనండి."

డైరెక్టరు అక్కడే ఉన్నారు. "నీ చెవికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉందా అప్పన్నా?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నవ్వాను.

ఆయన సుత్తి జేబులో పెట్టుకుని లేచారు. నా పక్కనుంచి వెళ్తూ నాకొక్కదానికే వినపడేలా అన్నారు. "మిసను సెప్తే ఇంతారు. మనిసి సెప్తే ఇనరు. సర్లెండమ్మా."

సాయంత్రం సంతకం పెట్టేశాను.

తర్వాత పన్నెండు రోజులకి అప్పన్న గారు పోయారు. గుండెపోటు, ఇంట్లోనే. పదోరోజు అయ్యాక, ల్యాబులో ఆయన బల్ల మీద ఉండిపోయిన సుత్తి తీసుకుని జాలరిపేట వెళ్ళి, వాళ్ళావిడ చేతిలో పెట్టాను. "దీన్ని ఒగ్గీసి ఉండలేకపోయీవోరమ్మా, ఇంట్లో గోడలు కూడా కొట్టి సూసీవోరు" అని ఏడ్చింది. నా కళ్ళముందే దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. సుత్తి మా ల్యాబులో లేదు.

ఇంకో నెల గడిచింది. సోమవారం సీసం లారీ వస్తుందనగా గురువారం సాయంత్రం శ్రావణి మా ల్యాబులోకి దూసుకొచ్చింది.

"మేడమ్, మజ్జానం పూట ఏటి కొడతన్నారు మీరు? నాలుగు రోజుల్నుంచి నా సెల్స్ ఫొటోలన్నీ అలికినట్టు అయిపోతన్నాయి!"

నాకూ కోపం వచ్చింది. మా మిషన్ ఫ్యూజు కాలిపోయి వారం నుంచి మూలపడి ఉంది, కావాలంటే వచ్చి చూసుకోమన్నాను. చూసింది. అయినా తగ్గలేదు, నన్ను తన గదికి లాక్కెళ్ళింది.

ఆమె కంప్యూటర్లో కణాలు రెండుగా విడిపోతుండగా మైక్రోస్కోపు దానంతటదే సెకనుకొకటి తీసిన ఫొటోలున్నాయి. అంతా అద్దంలా ఉంది. సరిగ్గా ఒంటిగంటా ఇరవైకి వరసగా మూడు ఫొటోలు కొద్దిగా చెదిరాయి. తర్వాత రెండు బాగున్నాయి. ఆ తర్వాతది పూర్తిగా చెదిరిపోయింది. నాలుగు రోజులూ అంతే, అదే వేళకి. ఆ వేళకి ఆమె గదికి తాళం వేసి భోజనానికి వెళ్తుంది. తాళం చెవి ఆమె బ్యాగులోనే ఉంటుంది.

ఒంటిగంటా ఇరవై అప్పన్న గారు క్యారేజీ కడుక్కుని వచ్చే వేళ. ఆ మాట శ్రావణికి చెప్పలేదు.

పైకి వెళ్ళాను. ఫిజిక్సు ప్రసాద్ గారు తన పరికరం స్టాండు నాలుగు కాళ్ళకీ అదురు కొలిచే సెన్సార్లు బిగించి ఉంచారు. రికార్డు తీయమన్నాను. ఒంటిగంటా ఇరవై. మూడు చిన్న గీతలు, ఒక పెద్ద గీత. ఏ కాలి దగ్గర ఎక్కువుందని అడిగాను. ఆ స్తంభానికి సరిగ్గా పైనున్న కాలి దగ్గర. పోర్టు గూడ్సు బండి అయ్యుంటుందన్నారు ఆయన. గూడ్సు బండి లెక్కపెట్టి కొడుతుందా అన్నాను.

శుక్రవారం ముగ్గురం భోజనం మానేసి ఆ గదిలో కూర్చున్నాం. తలుపు లోపల గడియ పెట్టాం. నీళ్ళ మోటారు ఆపించాను. వాళ్ళిద్దరూ తెర వైపు చూస్తున్నారు. నేను వెళ్ళి స్తంభం దగ్గర గొంతుక్కూర్చున్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక స్తంభానికి చెవి ఆనించడం అదే మొదటిసారి.

వేళయింది. గదిలో చప్పుడేమీ లేదు. వాళ్ళిద్దరికీ ఏమీ వినపడలేదు, తర్వాత అడిగాను. తెర మీద కణాలు మాత్రం మూడుసార్లు అదిరాయట. నా చెవికి మూడూ విడివిడిగా వినిపించాయి. నాలుగోది గట్టిగా పడింది. గుల్ల చప్పుడు. బీటవేసిన కుండ మీద వేలితో కొట్టినట్టు.

నాకు భయం వేయలేదు. కోపమొచ్చింది. మొదట ఆయన మీదే వచ్చింది. బతికుండగా మా మొహం మీద అరిచి చెప్పొచ్చు కదా అనుకున్నాను. అంతలో గుర్తొచ్చింది. ఆయన చెప్పారు. నవ్వింది నేను.

ఎవరినీ అడక్కుండా మేస్త్రీని పిలిపించి మోకాలి కింద ప్లాస్టరు కొట్టించాను. లోపల కాంక్రీటు మరమరాల ఉండలా ఉంది, రాళ్ళ మధ్య అంతా ఖాళీ. ఉప్పుగాలి లోపలికంటా పోయి ఇనప ఊచలు తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడి వస్తున్నాయి. శ్రావణి తన కుర్చీ వైపు చూసింది. మెల్లగా వెనక్కి లాక్కుంది. నేను బయటికి వచ్చేశాను.

నా సంతకం రద్దు చేస్తూ కాగితం రాసి డైరెక్టరు బల్ల మీద పడేశాను. లారీ ఆగిపోయింది. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. "మన ఆధునిక సెన్సార్ల పుణ్యమా అని ప్రమాదం తప్పింది" అని మీటింగులో చెప్పుకున్నారు. మళ్ళీ వచ్చిన ఢిల్లీవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను లేచి వచ్చేశాను.

స్తంభానికి కొత్త ఊచలు కట్టి, చుట్టూ కాంక్రీటు పోసి లావు చేశారు. ఆ రోజు నుంచి శ్రావణి ఫొటోలు మళ్ళీ చెదరలేదు. ప్రసాద్ గారి రికార్డులోనూ ఏమీ లేదు. మోటార్లు, గూడ్సు బళ్ళ వేళలు, పక్కవీధిలో కడుతున్న అపార్టుమెంటు, అన్నీ వెతికాను. ఏదీ ఆ వేళకి కలవలేదు. ఎలా జరిగిందంటే ఇవాళ్టికీ నాకు తెలియదు. తెలిసినట్టు నటించను.

నా చేతిలో ఉన్న పని ఒక్కటే, పరీక్ష రిపోర్టు. ఆ స్తంభం గుల్ల అని తేల్చిన రిపోర్టు మీద "పరీక్షించినవారు" అనే గడి ఉంటుంది. అందులో అప్పన్న గారి పేరు రాశాను. తేదీ గడిలో ఆ శుక్రవారం తేదీ వేశాను.

ఆఫీసువాళ్ళు ఫైలు వెనక్కి పంపారు. సదరు ఉద్యోగి ఆ తేదీకి జీవించి లేరు, తేదీ గానీ పేరు గానీ సరిచేసి పంపగలరు అని ఎర్ర సిరాతో రాశారు. నేనేమీ మార్చకుండా మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పంపాను. ఇప్పటికి మూడుసార్లు తిరిగొచ్చింది.

ఇవాళ నాలుగోసారి పంపుతున్నాను. అదే పేరు, అదే తేదీ. ఈసారి కలం కొంచెం గట్టిగా నొక్కి రాశాను.