రేవు యార్డు ఇంజను

రేవు యార్డులో ఏళ్ల తరబడి, వ్యాగన్లని పట్టాలు మార్చే షంటింగ్ ఇంజను నడిపిన దయానందాన్ని, కళ్లు పనికిరావని డాక్టర్లు తేల్చాక, స్టోర్సులో ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. జబ్బు నీటికాసులు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుందనీ, పోయినది తిరిగి రాదనీ చెప్పారు. చుక్కల మందు పనిచేస్తోందనే అతను ఇంట్లో చెప్పుకొచ్చాడు. సన్నటి గొట్టంలోంచి చూస్తున్నట్టు తప్ప తనకేమీ కనబడడం లేదన్న మాట భార్య కృపావతి దగ్గర దాచాడు.

క్వార్టర్సు వెనక గదిలో రెండు బల్లలు కలిపి అతను ఒక బొమ్మ రైల్వే కట్టుకున్నాడు. పూర్ణా మార్కెట్ పాతసామాన్ల కొట్లో దొరికిన పట్టాలు, రేకు డబ్బాలు కత్తిరించి చేసిన క్రేన్లు, యార్డు నుంచి తెచ్చి పోసిన ఇనుప ఖనిజం గుట్ట. తిరిగే ఇంజను మాత్రం లేదు. ఉన్న ఒక్క ఆకుపచ్చ ఇంజను మోటారు ఎప్పుడో కాలిపోయింది. తను నడిపినలాంటి ఇంజను ఆ పట్టాల మీద తిరుగుతుంటే, చూపు ఉండగా ఒక్కసారి చూడాలన్నది అతని ఆశ. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో అతనికి మిగిలిన ఆశ కూడా అదొక్కటే.

కృపావతి తమ్ముడు శుభాకర్ రేవులో క్రేన్ నడుపుతాడు. ఎండాకాలంలో ఒక జర్మనీ ఓడ నావికుడి దగ్గర కరెంటుతో తిరిగే బొమ్మ ఆవిరింజను సంపాదించి తెచ్చాడు.

“సూడు బావా, అచ్చం నీ ఇంజనే.”

దయానందం దాన్ని తడిమి తడిమి చూశాడు. అన్నీ బాగున్నాయి, ఆ మెరుపే బాగాలేదు. పెళ్లికొడుకులా తళతళలాడే ఇంజను ఏ రేవులో ఉంటుంది?

మర్నాటి నుంచి దాన్ని పాతదానిలా చెయ్యడానికి కూర్చున్నాడు. దీపం మసి వార్నిషులో కలిపాడు. తుప్పు రంగుకి ఇటుక నూరాడు. బాయిలరు పక్కన నీటి చారలకి సున్నం తేట తీశాడు. కానీ పొగగొట్టం కనబడితే చక్రాలు కనబడేవి కావు, చక్రాలు చూస్తుంటే పొగగొట్టం మాయమయ్యేది. పూసిన చోటే మళ్లీ పూశాడు. నిన్న కనబడిన కిటికీ చువ్వ ఇవాళ కనబడకపోతే చెయ్యి ఇంకా తొందరపడేది. గుడికి వెళ్లడం మానేశాడు. కృపావతి అడిగితే కసిరాడు.

రంగు ఆరిందనుకుని పట్టాల మీద పెట్టి కరెంటు ఇచ్చాడు. ఇంజను జానెడు దూరం వెళ్లి ఆగింది. వేలితో నెట్టాడు. కదల్లేదు. గట్టిగా నెట్టేసరికి చక్రాల కడ్డీ వంగిపోయింది, కాలిన వాసన వచ్చింది. స్విచ్చు కోసం వెతుకుతూ క్రేన్లన్నీ పడేశాడు.

చప్పుడు విని కృపావతి వచ్చేసరికి అతను నేల మీద కూలబడి ఉన్నాడు. చేతులు నలుపు, కళ్లు తుడుచుకున్న చోట మొహమూ నలుపే.

“నాకు కనబడ్డం లేదు కృపా,” అన్నాడు. “సానా నెల్లయింది.”

ఆమె వెళ్లి ముందు స్విచ్చు ఆపింది. తర్వాత అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

“మరి రోజూ ఆ లారీల రోడ్డు ఎలాగ దాటుతన్నారు?”

“సప్పుడు ఇని.”

ఇన్నాళ్లూ తనతో అబద్ధమాడినందుకు కోపం, ఆ లారీలు తలుచుకుంటే భయం. ఏది ముందు బయటపడిందో ఆమెకే తెలియలేదు. అతని భుజం మీద ఒక్కటి చరిచి, అక్కడే కూర్చుని ఏడ్చింది. మర్నాటి నుంచి ఆమె తోడు లేకుండా అతను గడప దాటలేదు.

ఇంజను సంగతి వారం దాకా ఎవరూ ఎత్తలేదు. అతను అన్నం సగంలో లేచిపోతుండేవాడు. చివరికి ఆమే కిరసనాయిలూ పాత పళ్ల బ్రష్షూ పట్టుకుని కూర్చుంది. చక్రాల్లో గడ్డకట్టిన వార్నిషుని తలపిన్నుతో గీకి తీసింది. శుభాకర్ కడ్డీ సరిచేశాడు. మోటారు తిరిగింది, కాస్త కుంటుతూ. మళ్లీ నల్లగా పూయమన్నాడు దయానందం. ఆమె ఒప్పుకోలేదు.

“మీరు ఎప్పుడూ నల్లగా ఇంటికి రాలేదు. ఖనిజం దుమ్ముకి ఎర్రగా వొచ్చీవోరు. భుజాల మీద మసి, మోకాళ్ల కాడ నూనె, మిగతాదంతా ఎరుపే. ఆ బట్టలు ఉతికింది నాను.”

అతను వాదించలేదు. ఖనిజం పొడిని పల్చటి గుడ్డలో జల్లించి ఇచ్చాడు. మెత్తటి గుడ్డతో ఆమె అద్దింది. పైన మాత్రం మసి, చక్రాల దగ్గర చుక్క నూనె.

ఎండ గదిలోకి వచ్చే వేళ చూసి కరెంటు ఇచ్చారు. దయానందం గడ్డం బల్లకి ఆనించి, పట్టాల వంపుకేసి చూపు నిలిపాడు. మొదటి చుట్టులో ఏమీ దొరకలేదు. రెండో చుట్టులో ఒక ఎర్రటి ముక్క కదిలి జారిపోయింది. ఇక కనబడదేమోనని అతను గడ్డం ఇంకా ముందుకి జరిపాడు. కృపావతి ఇంజనుని చేత్తో ఆపి, అతని తల కొద్దిగా పక్కకి తిప్పి, వదిలింది. అప్పుడు కనబడింది. పొగగొట్టం, దాని వెనక బాయిలరు, డ్రైవరు నిలబడే క్యాబు. మొత్తం ఒక్కసారి కాదు, ఒకదాని వెంట ఒకటి. అంతలోనే దాటిపోయింది.

“మళ్లీ తిప్పు,” అన్నాడు.

ఆ సాయంత్రమంతా తిప్పుతూనే ఉంది. ఇంకో రెండుసార్లు దొరికిందన్నాడు. నిజమో, తన కోసం అన్నాడో ఆమె అడగలేదు. మరుసటి వానాకాలానికి ఆ కొంచెం వెలుగూ పోయింది. స్టోర్సు ఉద్యోగం మానిపించారు. శుభాకర్ మరో ఓడ నుంచి ఖనిజం మోసే బొమ్మ వ్యాగన్లు తెచ్చినప్పుడు, వాటికి ఎరుపు ఎంత పట్టాలన్నది కృపావతే చూసుకుంది.