బియ్యం డబ్బాలో మాగిన దురియన్

మొన్న ఇక్కడ కువైట్‌లో మహబూలా బజారుకు కూరగాయలకని పోయి, తొనలు ఒలిచి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్ముతున్న దురియన్ పండును చూశాను. మూతకు ముక్కు ఆనించినా వాసన లేదు. ఇదేం దురియన్, నా మొహం! మన కాలంలో అరబ్బుల ఇళ్లలో వంట చేసి బతికినవాళ్లకైతే నా మాట అర్థమవుతుంది.

నేను కువైట్‌కు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఫింటాస్‌లో ఒక పెద్ద ఇంట్లో వంటపని నాది, ఇల్లు ఊడ్చి తుడిచే పని ఒక ఫిలిప్పీన్స్ పిల్లది. ఇద్దరికీ ఒకటే గది, నా తెలుగు దానికి రాదు, దాని భాష నాకు రాదు, వచ్చీరాని అరబ్బీతోనే అక్కాచెల్లెళ్లమయ్యాం. వాళ్లమ్మ పోయిందని కబురొచ్చినా సెలవు దొరక్క, ఆ పిల్ల ముద్ద ముట్టకుండా మంచం పట్టింది. లేచి పనిలోకి రాకపోతే ఏజెన్సీకి తిప్పి పంపేస్తానని, మేం మామా అని పిలిచే యజమానురాలు తేల్చి చెప్పేసింది. ఏం తింటావే అని నేను ప్రాణం తోడేస్తే చివరికి దురియన్ అంది. వాళ్లమ్మ ఒలిచి పెట్టేదట. దీనిచేత తినిపించకపోతే నేను కడప దాన్నే కాదనుకున్నాను.

ఆ ఇంటి డ్రైవరును బతిమాలి తెప్పిస్తే, అది మన పనసకాయకు తమ్ముడిలా, పచ్చిగా, రాయిలా ఉంది. సీతాఫలమైనా మామిడైనా మనం బియ్యంలోనే కదా మాగవేస్తాం, అలాగే మామా వాళ్ల బాస్మతి డబ్బాలో అడుక్కంటా పూడ్చి, మహా తెలివైన పని చేశాననుకున్నాను. శుక్రవారం చుట్టాల భోజనానికి బియ్యం తియ్యబోయి మూత ఎత్తానో లేదో, గుప్పుమంది. గ్యాసు లీకయిందనుకొని మామా కొడుకులు పిల్లల్ని ఎత్తుకొని వీధిలోకి పరుగెత్తారు.

పండును బియ్యంతో సహా చెత్తలో పడెయ్యమంది మామా. ముళ్లు గుచ్చుకుంటున్నా దాన్ని పొట్టకు హత్తుకొని అలాగే నిలబడ్డాను.

"ఆ పిల్లను తిననీ మామా. తిన్నాక కూడా దాన్ని పంపేట్టయితే ఇద్దర్నీ పంపెయ్, నేనూ పోతా," అన్నాను నాకొచ్చిన అరబ్బీలో.

మామా నన్ను ఎగాదిగా చూసి, మేడ మీదికి పొమ్మని చెయ్యి చూపింది.

అక్కడ ఎండలోనే కత్తితో చీల్చిచ్చాను. ఏడుస్తూనే ఒక్కో తొనా తింది. నాకూ ఒకటి పెడితే, ముక్కు మూసుకొని మింగాను, ఆ పిల్ల మీద ప్రేమ కాకపోతే ఆ కంపు ఎవరు తింటారు? సాయంత్రానికి లేచి చీపురు పట్టింది, మామా మళ్లీ ఏజెన్సీ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఇక్కడికి పనికొచ్చే మన పిల్లలు ఒకే గదిలో ఉన్నా, ఎవరి ఫోనులో వాళ్లు అమ్మానాన్నలతో రోజూ మాట్లాడుకుంటున్నారు. మంచిదే, ఆ సుఖం మాకు లేకపోయింది. పక్క మంచం మీది మనిషి పొద్దుటినుంచి అన్నం తినలేదని వాళ్లలో ఎవరైనా చూస్తారా అనేదే నా దిగులు.