గోడలకు గొంగళ్లు కప్పిన మా మరిది నర్సింహ

దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే కాసేపు పక్కన పెట్టండి. ఇది పదిమందికీ వినపడేలా అరిచి చెప్పే సంగతి కాదు, పక్కన కూర్చుని వినాల్సిన సంగతి. మా మరిది నర్సింహ ఇక లేడు. జ్వరమని నల్లగొండ దవాఖానకు బస్సెక్కినవాడు, "వస్త వదినే, రికార్డుల మీద దుమ్ము పడనియ్యకు" అని కిటికీలోంచి చెయ్యి ఊపినవాడు, మళ్లీ ఆ బస్సు దిగలేదు. తోడు వెళ్లిన మా ఆయన ఒక్కడే దిగాడు. నర్సింహకు ముప్ఫై దాటి ఎన్నాళ్లో కాలేదు. ఆ దుర్వార్తను నా మనసు ఈనాటికీ అంగీకరించడం లేదు.

మాది కట్టంగూర్ దగ్గరి పల్లె. గొర్లు కాచి, ఆ ఉన్నితో గొంగళ్లు నేసే ఇల్లు. నేను కోడలిగా అడుగుపెట్టేనాటికి నర్సింహ గొర్రెపిల్లల వెంట పరుగెత్తే పసివాడు. నా చేతి బువ్వ తిని పెరిగాడు. పెద్దయ్యాక గొంగళ్ల మూట భుజాన వేసుకుని పట్నం పోయి అమ్ముకొచ్చేవాడు. అక్కడ ఎవరి అరుగు మీదో కూర్చుని మొదటిసారి గ్రామఫోను విన్నాడట. అప్పటి నుంచి నాదోపాసనే అతనికి ప్రాణం. తిండి మరచిపోతాడు గానీ పాట మరచిపోడు.

మా అత్తకు, అంటే నర్సింహ తల్లికి, చెవులు కొంచెం మందం. అయినా పాత మట్టింట్లో, గడ్డి కప్పు కింద, కొడుకు తెచ్చిన బ్యాటరీ రేడియోలో బుర్రకథ వస్తుంటే ఒక్క మాట పోనిచ్చేది కాదు. మధ్యలో కథకుడితో తగవు కూడా పెట్టుకునేది. "గట్లెట్ల పోతడు? పెండ్లాన్ని ఒక మాట అడగొద్దా?" అని రేడియోను నిలదీసేది. మేము కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం.

ఊరికి కరెంటు వచ్చాక అన్నదమ్ములిద్దరూ ఆమె సుఖం కోసమే కొత్త ఇల్లు కట్టారు. రాతి గోడలు, వాటిపై నున్నటి సున్నపు పూత, కింద షాబాద్ బండలు, పైన స్లాబు. ఆ ఇంటికి తగినట్టు నర్సింహ పట్నం నుంచి రేడియో, రికార్డులు రెండూ పాడే పెద్ద టేకు పెట్టె తెచ్చాడు. గృహప్రవేశం నాడు ఊరంతా ఆ గదిలోనే ఉంది. వానాకాలం కాబట్టి అందరి భుజాల మీదా గొంగళ్లే. రికార్డు తిరగడం మొదలుపెట్టగానే పాడే ఆవిడ మా మధ్యన మోకాలు ముడుచుకుని కూర్చుని పాడుతున్నట్టే ఉంది. ఆ అనుభూతిని ఏమని వర్ణించను, ఒళ్లు జలదరించింది.

మరునాడు గది ఖాళీ అయింది. అదే పెట్టె, అదే రికార్డు. మాట మీద మాట పడుతోంది. డోలు ఒక్క దెబ్బ వేస్తే గోడలు నాలుగు వేస్తున్నాయి. వార్తలు చదివే ఆయన బావిలో పడి కేకలు వేస్తున్నట్టుంది.

"దిష్టి తగిలింది," అన్నది మా అత్త. "ఊరంత నోర్లు తెరిచి సూసిండ్రు. పెట్టెకు మాత్రం కండ్లు తగలవా?"

ఉప్పు, ఎండుమిరపకాయలు పెట్టె చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు ఇల్లంతా దగ్గింది. ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టే. మరి రోగం ఎక్కడ? ఎడ్లబండిలో గడ్డి పరిచి పెట్టెను నల్లగొండ తీసుకుపోయారు. రేడియోలు బాగుచేసే అతని ఇరుకు దుకాణంలో, పాత బట్టలు, అట్టపెట్టెలు కిక్కిరిసిన చోట, అది తేనె కారినట్టు పాడింది. "పెట్టె మంచిగనే ఉన్నదన్నా," అని అతను పంపేశాడు. ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ అదే బావిలో కేక.

ఇంతవరకు నవ్వులాటే. తరువాతది నవ్వులాట కాదు. పెట్టె మాట ఒక్కటే కాదు, ఆ గదిలో మా మాటలు కూడా మా అత్తకు తెలియడం మానేశాయి. నలుగురం మాట్లాడుకుంటుంటే మొహాలు చూస్తూ కూర్చునేది. ఒకరోజు చాప చుట్టుకుని లేచింది.

"మీరేం మాట్లాడ్తాండ్రో నాకు సమజైతలేదు. నవ్వితే నన్ను జూసి నవ్వుతాండ్రేమో అనిపిస్తాంది. నేను పాతింట్లనే పండుకుంట."

అన్నంత పనీ చేసింది. కొడుకులు మేడ కట్టుకుని తల్లిని గుడిసెలో పడేశారని ఊరు చెవులు కొరుక్కుంది. మా ఆయన కుమిలిపోయాడు. వాస్తు బాగాలేదని ఎవరో అంటే, తూర్పు గోడ పగలగొట్టించడానికి గడ్డపార కూడా తెప్పించాడు. "జర ఆగన్నా. అమ్మను నేను దీస్కొస్త," అన్నాడు నర్సింహ. ఎలా తెస్తాడో అతనికీ తెలియదు. పూటపూటా తల్లికి గుడిసెలోనే అన్నం తీసుకుపోయి, ఆమె తినేదాకా పక్కన కూర్చుని వచ్చేవాడు. తల్లి మళ్లీ మాలో కలుస్తుందా లేదా అన్నదే అతని ఏకైక చింత అయింది.

ఆ రోజుల్లోనే ముసురు పట్టింది. నేసిన గొంగళ్లు ఆరక కుళ్లు వాసన వస్తుంటే, నేను ఆ కొత్త గదిలోనే దండేలు కట్టి ఆరేశాను. నర్సింహ లోపలికి వస్తూనే, "గిదేంది వదినే, గోడలకు చలి పెడ్తాందా?" అన్నాడు. అని, అక్కడే ఆగిపోయాడు. తన మాట తనకే కొత్తగా వినపడింది. చప్పట్లు చరిచాడు. మళ్లీ చరిచాడు.

"వదినే, ఏదన్న మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. తిట్టు నన్ను."

"నిన్ను తిట్టుడే గదా నా పని. బురద కాళ్లతోటి వచ్చినవ్, బండలు ఎవరు కడుగుతరు, నీ అత్తగారా?"

"అబ్బ, ఎంత సాఫ్‌గ తిట్టినవ్ వదినే," అని ఎగిరి గంతేశాడు. "పెట్టెకు రోగం లేదు. నీ నోటికీ లేదు. గోడలకు ఉన్నది. అవి మన మాటను తాగుతలెవ్వు, తిరిగి మన మొహాన గొడ్తానయ్. గృహప్రవేశం నాడు మంది తాగిండ్రు, మంది మీది గొంగళ్లు తాగినయ్."

ఇక చూడాలి అతని సంబరం. ఇంట్లో ఉన్న గొంగడి, బొంత, గోనెసంచి ఒక్కటి వదలలేదు. గోడలకు, తలుపులకు, ఆఖరికి పైకప్పుకు కూడా కట్టాడు. రికార్డు పెడితే పాట చచ్చిపోయింది. గొంతు ఉంది గానీ అందులో మెరుపు లేదు. "పాటను గూడ గొంగడి గప్పి పండబెట్టినవ్ గదయ్యా," అన్నాను. అతను నొచ్చుకోలేదు. ఒక్కొక్కటే విప్పుతూ, గది నడుమ నిలబడి చప్పట్లు కొట్టి వింటూ, ఎంత ఉంచాలో పట్టుకున్నాడు. ఎదురెదురుగా ఉన్న రెండు గోడల్లో ఒకదానికి కప్పి రెండోదాన్ని సగం వదిలితే చాలన్నాడు. గొంగడిని గోడకు అతికించినట్టు కట్టేకన్నా, వెదురు బొంగుకు వేలాడదీసి గోడకు జానెడు ఎడం ఇస్తే ఇంకా బాగా పనిచేస్తుందని కనిపెట్టాడు. మూలన ఉన్న పెట్టెను ముందుకు జరిపాడు. డోలు గుమ్మని మోగడం తగ్గింది. అయినా ఎక్కడో జుమ్మని తుమ్మెద మోత. గూట్లోని ఇత్తడి చెంబులు, బిందెల మీద వరసగా వేలు ఆనిస్తూ పోయి దొంగను పట్టాడు. అది నా పుట్టింటి బిందె. "మీ పుట్టింటోళ్లకు పాట నడుమ మాట్లాడుడు అలవాటేనా?" అని ఎత్తిపొడిచి, దాని కింద గుడ్డ చుట్ట పెట్టాడు.

అన్నీ కుదిరాక తల్లిని చెయ్యి పట్టుకుని తెచ్చాడు. పెట్టె పెట్టలేదు. ఆమెను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, నన్ను అటు మూలన నిలబెట్టి, మెల్లగా ఏదన్నా అనమని సైగ చేశాడు. నాకు వేరే మాట తోచలేదు. "అత్తకు ఇయ్యాల బువ్వ పెట్టేది లేదు," అన్నాను గొంతు పెంచకుండా.

"ఎందుకు పెట్టవే?" అని గిర్రున తిరిగింది మా అత్త. "నీ అయ్య తెచ్చిండా బియ్యం?"

నర్సింహ బండల మీద కూలబడి, నవ్వుతూనే ఏడ్చాడు. ఆ సాయంత్రమే ఆమె చాప కొత్తింటికి వచ్చింది. గడ్డపారను మా ఆయన చెలకలో పనికి పంపేశాడు.

అప్పటి నుంచి ఎవరింటికి వెళ్లినా చప్పట్లు చరిచి గోడల గుట్టు వినడం నర్సింహకు అలవాటైపోయింది. పెళ్లిచూపులకు షాద్‌నగర్ వెళ్లాం. పిల్ల ఇంకా రానేలేదు, ఇతను గది నడుమ నిలబడి చప్పట్లు కొట్టాడు. నీళ్లకు పిలుస్తున్నాడనుకుని పిల్ల తల్లి చెంబుతో పరుగెత్తి వచ్చింది. "నీళ్లు గాదత్తా, మీ ఇల్లు మంచిగ పలుకుతాంది," అన్నాడు ఇతను, పెళ్లి అప్పుడే కుదిరిపోయినట్టు. తలుపు చాటు నుంచి ఒక గొంతు వచ్చింది. "గోడలను సూడ వచ్చిండా, నన్ను సూడ వచ్చిండా?" నర్సింహ నా వైపు వంగి, "వదినే, గీ గొంతుకు గొంగడి అక్కరలేదు," అన్నాడు. ఆ గొంతే మా సత్తెమ్మ, మా ఇంటి చిన్నకోడలు.

మర్రిగూడ దాకా అతన్ని పిలిచేవారు. కొత్త ఇల్లు కట్టుకుని, అందులో రేడియో అర్థం కాక తలపట్టుకున్న ప్రతి ఇంటికీ వెళ్లి గొంగళ్లు కట్టి వచ్చేవాడు. "మంచి పెట్టె కొనుడు సగం పనే, మంచి గది జేసుకునుడు మిగిలిన సగం" అని అందరికీ చెప్పేవాడు. అతని మాటల్లో నాకు ఇష్టమైనది మరొకటి ఉంది: "వినేటోళ్లకు అందకుంటే చెప్పినోని గొంతును దిట్టొద్దు. నడుమ ఏమున్నదో సూడాలె."

అతని దినాల నాడు బంధుమిత్రులు ఇల్లు పట్టనంతగా వచ్చారు. పెద్దలు వస్తే గొంగడి పరిచి కూర్చోబెట్టడం మా ఆచారం. దుఃఖంలో ఏమీ తోచని మా ఆయన గోడల గొంగళ్లన్నీ లాగి కింద పరిచాడు. అందరూ కూర్చున్నారు. ఒక్కొక్కరే నర్సింహ సద్గుణాలను తలచుకుంటున్నారు. గోడలు ఖాళీ. ఏడ్పూ మాటా కలిసి గది హోరెత్తిపోతోంది. నడుమ కూర్చున్న మా అత్త అటూ ఇటూ మొహాలు చూస్తోంది.

"పిల్లా, ఏమంటాండ్రు వాళ్లు?" అని నన్ను అడిగింది.

"మంచోడు అంటాండ్రత్తా," అన్నాను చెవిలో.

"మంచోడని నాకెర్కే. ఏం జేసి మంచోడైండో, గది జెప్పు."

మూలన ముసుగేసుకుని కూర్చున్న సత్తెమ్మ లేచింది. పెద్దల ముందు నిలబడి చేతులు జోడించింది. "జర లెవ్వుండ్రి మామా. బండల మీద కూసోండ్రి. మా అత్తకు వినపడ్తలేదు."

పెద్దలు లేచారు. ఆమే ఒక్కొక్క గొంగడి దులిపి బొంగులకు వేసింది. నేను చెయ్యి వేశాను. అందరూ చల్లటి వట్టి బండల మీద కూర్చున్నారు. అప్పుడు మర్రిగూడ నుంచి వచ్చిన ముసలాయన గొంతు సవరించుకుని, తమ ఇంటికి నర్సింహ మొదటిసారి వచ్చిన రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. మా అత్త కళ్లు మూసుకుని, తన కొడుకు కథకు తానే ఊ కొడుతూ చివరిదాకా వింది.

ఆ లోటు తీరేది కాదు. అలాంటి సహృదయుడు మా ఇంట మళ్లీ పుడతాడనే ఆశా నాకు లేదు. అతని పవిత్ర స్మృతికి ఈ వదినె కన్నీటి నమస్కారం. ఓపికగా విన్నారు, మీరు చల్లగా ఉండాలి. మీ ఇంట ముసలివాళ్లు ఏది అడిగినా దగ్గర కూర్చుని బదులు చెప్పే మనిషి ఎప్పుడూ ఉండాలి. మీ గొర్లు, గొడ్లు, పిల్లాజెల్లా అన్నీ నిండుగా వర్ధిల్లాలి.