యూరల్ హద్దులో నేను ఇచ్చిన నోటీసు

తేదీ: శ్రావణమాసం, రెండో ఆదివారం. ఉదయం తొమ్మిదిన్నర. మబ్బు పట్టి ఉన్నది, వాన లేదు.

హాజరైనవారు: నేను. నా భార్య అనసూయ, కందిపప్పు ఏరుతూ. బ్రెజిల్ నుంచి ఎర్రరంగు ఆయన, ఫిన్లాండ్ నుంచి పచ్చరంగు ఆయన, ఈ ఇద్దరూ తెర మీద మాత్రమే. హాజరు కానివారు: లావణ్య.

ఆ రోజు నా డయిరీ పేజీ ఇట్లా మొదలవుతుంది. చదివితే ఏదో కాలనీ సంఘం మీటింగు అనుకుంటారు. కాదు. ఆ రోజు మొయినాబాదులో మా ఇంటి మేడ మీద కూర్చుని నేను సగం ప్రపంచాన్ని పోగొట్టాను. నాదైతే ఇంత బాధ లేదు. అది మా కిరాయిదారుది.

నేను సర్వేయరుగా పనిచేశాను. ముప్ఫై నాలుగేండ్లు గొలుసు పట్టుకుని కనకమామిడి నుంచి చేవెళ్ల దాకా తిరిగాను. నా ఉద్యోగం చివరికొచ్చేసరికి సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాయి. మొదట జొన్నచేను కొలిచిన చోటే తర్వాత ఎవరిదో ఈతకొలను కొలిచాను. రిటైరైనాక మొయినాబాదులో ఇల్లు కట్టుకుని, మేడ లావణ్య దంపతులకు కిరాయికిచ్చాం. కాకినాడ వైపు పిల్ల, కంపెనీలో ఉద్యోగం. నన్ను బాబాయ్ గారూ అనేది.

ఆ పిల్లకు ఒక ఆట ఉండేది. కంప్యూటరులో ప్రపంచపటం కనిపిస్తుంది. ఆరుగురు ఆరు దేశాల నుంచి కూర్చుని, ఒకరి భూములు ఒకరు గుంజుకుంటూ పోతే చివరికి ఒక్కరు మిగులుతారు. పాచికలు కంప్యూటరే వేస్తుంది. ఒక్కొక్కరి వంతుకు ఒక రోజు గడువు. ఊరికి పోయేవాళ్లు నమ్మకస్తులకు తమ వంతు అప్పగించవచ్చు.

నేను రోజూ పోయి చూసేవాణ్ణి. ఒక చేత్తో దోసె తిరగేస్తూ, ఇంకో చేత్తో ఆసియా ఖండాన్ని తిరగేసేది. నేను ఒక ఎకరం చెలక కొలవడానికి ఇద్దరు మనుషులను, ఒక గొడుగును వెంట తీసుకుపోయేవాణ్ణి. ఈ పిల్ల చెట్నీ రుబ్బుతూ సైబీరియా తీసుకునేది. నేను అబ్బురంగా చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆ శ్రావణంలో అది ఫైనల్‌కు వచ్చింది. ఎనిమిది నెలల కష్టం. ఎర్రాయన, పచ్చాయన, మన లావణ్య నీలం, ఈ ముగ్గురే మిగిలారు. గెలిస్తే రాబోయే దేశాల పోటీలో మన జట్టుకు లావణ్య కెప్టెన్. ఓడితే ఆ పదవి పుణెలో ఒకాయనకు పోతుంది. ఆయన రెండో వంతులోనే ఆస్ట్రేలియా పోగొట్టుకునే రకమని లావణ్య నమ్మకం.

సరిగ్గా అప్పుడే కాకినాడలో చెల్లెలి నిశ్చితార్థం పడింది.

“బాబాయ్ గారూ, సోమవారం పొద్దున్నే వచ్చేస్తాం. ఆదివారం నా వంతు మీరు ఆడి పెట్టాలి.”

“నాకేమొస్తదమ్మా. నేను చూసుడే గని ఎన్నడూ ఆడలే.”

“మీరు చదివినట్టు మ్యాపు ఈ చుట్టుపక్కల ఎవరు చదువుతారండీ? మూడే పనులు. సైన్యాన్ని యూరల్ హద్దులో పెట్టండి. ఎర్రాయన మీదకి దూకి యూరల్ తీసుకోండి. అక్కడితో ఆపేయండి. ఎవరికీ ఏమీ రాయద్దు.”

నేను డయిరీలో రాసుకున్నాను. ‘ఎవరికీ ఏమీ రాయవద్దు’ అన్న దాని కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాను. ఆ గీత ఇప్పటికీ ఉన్నది. నన్ను చూసి నవ్వినట్టే ఉంటుంది.

ఆదివారం కూర్చున్నాను. పని మొదలుపెట్టేముందు పాత రికార్డు చూడడం నా అలవాటు. లావణ్య ఆ ఇద్దరికీ రాసిన ఉత్తరాలన్నీ మొదటి నుంచి చదివాను. రెండు చోట్ల వేలు పెట్టి ఆగాను. ‘యూరల్ మన హద్దు, నేను దాటను’ అని ఎర్రాయనకు మాట ఇచ్చింది. ‘ఆదివారం యూరల్ దాటుతాను, నువ్వు అటునుంచి రా’ అని పచ్చాయనకూ మాట ఇచ్చింది.

మీకిది ఎత్తుగడలా కనబడుతుందేమో. నాకు కనబడింది ఒకటే సర్వే నంబరు మీద రెండు ఒప్పందాలు. అట్లాంటి కేసుల్లో గొడ్డళ్లు లేవడం చూసినవాణ్ణి. పాపం, చిన్నపిల్ల, తెలియక చేసింది, నేనుండగా ఇది చక్కబెట్టకపోతే ఎట్లా అనుకున్నాను. పైగా ముప్ఫై నాలుగేండ్లలో హద్దుదారులకు నోటీసు ఇవ్వకుండా నేను ఒక్క భూమిలో కాలు పెట్టలేదు. యూరల్ ఏమైనా మినహాయింపా?

“నోటీసు రాస్త” అన్నాను అనసూయతో.

“ఆ పిల్ల రాయద్దన్నది గద.”

“ఉత్తరాలు రాయద్దన్నది. ఇది నోటీసు.”

“రెండింటికి తేడా ఏంది?”

“ఉత్తరం ఒక్కరికి పోతది. నోటీసు అందరికీ పోతది.”

“అయితే ఇంకా అధ్వాన్నం గదనయ్యా” అని మళ్లీ పప్పులోకి వంగింది. ప్రపంచచరిత్రలో సరైన సలహాలన్నీ ఇట్లా పప్పు ఏరుతూనే ఇచ్చి ఉంటారు.

నాకొచ్చిన ఆఫీసు ఇంగ్లీషులో రాశాను. తెలుగులో దాని సారం: “యూరల్ హద్దుదారులకు తెలియజేయునది ఏమనగా, నీలం వారి తరఫున నేడు సదరు భూమిలో ప్రవేశించవలసి ఉన్నది. సదరు భూమి గురించి నీలం వారు మీ ఇద్దరితో వేర్వేరు ఒప్పందాలు చేసుకున్నట్టు రికార్డులో కనబడుచున్నది. రెండింటి నకళ్లు ఇందుతో జతపరచడమైనది. అభ్యంతరములున్నచో తెలుపవలెను.”

అవును. నకళ్లు జతపరిచాను. నకలు లేని నోటీసు చెల్లదు.

అయిదు నిమిషాల్లో ఎర్రాయన వచ్చాడు. “ఈ కాగితాలు నిజమేనా?”

“అసలుతో సరిచూశాను. అక్షరం తేడా లేదు.”

పచ్చాయన వచ్చాడు. “ఇవి అతనికెందుకు చూపించావు?”

“ఆయన హద్దుదారుడు. చూసే హక్కు ఉన్నది.”

“నీలం ఇట్లా మాట్లాడదు. అసలు నువ్వెవరు?”

“ఇంటి ఓనరును. రిటైర్డ్ సర్వేయరును. మొయినాబాదు.”

పది నిమిషాలు గడిచాయి. తర్వాత ఎర్రాయన ఎంతో మర్యాదగా అడిగాడు. “సర్వేయర్ గారూ, మీ అనుభవంలో ఐస్‌లాండ్ న్యాయంగా ఎవరిది?” వెంటనే పచ్చాయనా అదే అడిగాడు.

రిటైరైన తర్వాత నన్ను ఎవరూ ఏ హద్దూ అడగలేదండీ. ఇంట్లో కర్టెన్ పొడవు కూడా అనసూయే కొలుచుకుంటుంది. అట్లాంటిది రెండు ఖండాల వాళ్లు ఒకేసారి అడిగారు. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

వాళ్లిద్దరూ ఎనిమిది నెలలుగా ఐస్‌లాండ్ కోసం కొట్టుకుంటున్నారట. ఎవరు ఎంతకాలం కబ్జాలో ఉన్నారు, ఎవరి దారి ఎటు అని విచారించాను. ఐస్‌లాండ్ పచ్చాయనకు, బదులుగా ఉత్తర ఆఫ్రికా ఎర్రాయనకు అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు, సంతకం లేదు, సాక్షి లేడు. ఒట్టి మాట మీద దేశాలకు దేశాలు అప్పగించుకుంటున్నారు. సొంత అన్నదమ్ములు మూడడుగుల గట్టు కోసం హద్దురాయి పీకి బావిలో పడేయడం చూసినవాణ్ణి నేను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేను లేచి నిలబడ్డాను. మొయినాబాదు మేడ మీద నుంచి చూస్తే మనుషులు ఇంత మంచివాళ్లా అనిపించింది.

అభ్యంతరాలు వచ్చాయి కనుక యూరల్ మీదికి దూకలేదు. సైన్యాన్ని హద్దులో నిలబెట్టి వంతు ముగించాను.

“అందరికీ పంచినవ్ మంచిగనే. మరి లావణ్యకేమిచ్చినవ్?” అన్నది అనసూయ.

“ఆమె హాజరు లేదు గద. హాజరు లేనోళ్లకు హద్దెట్ల చూపిస్త?”

డయిరీలో ఆ పేజీ చివరి వాక్యం: ‘నేడు ప్రపంచశాంతి కుదిరినది. మధ్యాహ్నం బీరకాయ పప్పు.’

తెల్లవారి ఏడు గంటలకు లావణ్య దంపతులు దిగారు. మాకు కాజాల డబ్బా ఇచ్చి ఆ పిల్ల పైకి పోయింది. కాసేపటికి పైనుంచి నెమ్మదిగా పిలుపు వచ్చింది.

“బాబాయ్ గారూ, ఒకసారి రండి.”

పటం చూశాను. రాత్రికి రాత్రే వాళ్లిద్దరూ తమ వంతులు ఆడేశారు. సగం ఎరుపు, సగం పచ్చ. నీలం కోసం కళ్లద్దాలు తుడుచుకుని వెతికాను. ఇండియా ఒక్కటే నీలంగా ఉన్నది, అందులో ఒకే ఒక్క సైనికుడు. కింద ఎర్రాయన, పచ్చాయన కలిసి ఒక మాట రాశారు: ‘సర్వేయర్ గారి ఇంటి జాగా. దీన్ని ఎవరమూ ముట్టుకోము.’

“తప్పైంది బిడ్డా” అన్నాను.

లావణ్య నిన్నటి మాటలన్నీ పైనుంచి కింది దాకా చదివింది. “ఎనిమిది నెలలు, బాబాయ్ గారూ. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చూసుకున్నాను. సైన్యాలూ పాచికలూ కాదు, నా ఆటంతా అదే. ఆ ఐస్‌లాండ్ గొడవ నేనే పెట్టాను.”

“మంచిగ పెట్టినవమ్మా. తెగేతందుకు చానా కష్టమైంది.”

“ఎంతసేపు పట్టింది?”

“రెండున్నర గంటలు. మధ్యల అన్నం తిన్న.”

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. కోపం కాదు. నేను ఇన్నాళ్లూ ఆమెను ఎట్లా చూశానో అట్లా చూసింది. తర్వాత తల పట్టుకుంది. “పుణె ఆయన కెప్టెన్” అని గోడతో చెప్పి, నా వైపు తిరిగింది. “డయిరీ తెచ్చుకోండి. నేను చెప్తాను, మీరు రాయండి.”

తెచ్చుకున్నాను. అనసూయ కూడా కాజా తింటూ పైకి వచ్చింది. ఆ పేజీలో నా దస్తూరీతో ఇట్లా ఉన్నది:

‘నేను తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా (బలవంతం పక్కనే నిలబడి ఉన్నది) రాసి ఇచ్చునది ఏమనగా, ఇకమీదట ఈ భూగోళం మీద ఏ ఖండంలోనైనా, ఏ ఇద్దరి మధ్యనైనా, నా చేతులతో శాంతి నెలకొల్పను.’

కింద నా సంతకం. సాక్షి, అనసూయ. ఇప్పటిదాకా మాట తప్పలేదు.