షట్టరు వెనక ‘క్వోత్’

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో, బంద్ అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్ మూతపడేది. అంటే, షట్టరు మూతపడేది. పిల్లలు చెప్పులు చేతిలో పట్టుకుని వెనక మెట్ల మీదుగా పైకి వచ్చేవాళ్లు. గుమ్మం ముందు చెప్పుల కుప్ప కనబడితే మా ద్రోహం కూడా కనబడుతుందని భయం. పాఠం గుసగుసగా సాగేది. నేను నల్లగొండవాణ్ణి. రాష్ట్రం రావాలని గట్టిగా కోరుకునేవాణ్ణి, జీతం రావాలని కూడా.

నాతోపాటు ఇంగ్లిషు చెప్పే సారుది గుంటూరు. ఎల్బీ నగర్‌లో ఇద్దరిదీ ఒకే సందు. మైకు లేకుండా చివరి బెంచీకి వినబడే గొంతు ఆయనది. ఆ చలికాలం అందులో గడ్డ తేలింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. సెంటర్‌లో ఈ సంగతి నాకొక్కడికే తెలుసు.

"గో బ్యాక్ అని మీవాళ్లు ఎంత అరిచినా నేను కదల్లేదు. నా గొంతుకి మాత్రం వినపడినట్టుంది మాస్టారూ" అన్నారు.

నవ్వాను. ఆయన దగ్గర నవ్వకపోతే మర్యాద కాదు.

ఆపరేషన్‌కు ముందు చివరి క్లాసు బంద్ నాడే పడింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయనకు మిగిలింది గుసగుస ఒక్కటేనని ఎవరికీ అనుమానం రాలేదు. బోర్డు మీద ‘క్వోత్’ అని రాశారు. ‘అన్నాడు’ అని అర్థం. ఇంకొకరి మాటను ఉటంకించే ‘కోట్’కు చుట్టమనుకుంటారు గానీ, కాదట. పాత ఇంగ్లిషులో ‘క్వెదన్’ అంటే చెప్పడం. ఆ క్రియంతా చచ్చిపోయి ఈ భూతకాలం ఒక్కటే మిగిలింది. పోయేవాళ్లు ఆస్తి ఎవరికో చెప్పి పోవడాన్ని ‘బిక్వీత్’ అంటారే, అదీ ఆ ఇంటి బిడ్డే.

"సార్, గిది పరీక్షల వస్తదా?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"రాదమ్మా. అన్నీ వచ్చేవే చెబితే ఎలా?"

అంతలో కింద ఊరేగింపు వచ్చింది. నినాదాలకు షట్టరు అదిరింది. ఆయన ఆగారు. అది మా నియమం. డప్పులు కొత్తపేట వైపు సాగిపోయాక నోరు తెరిచారు. ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించారు. సారు ఇంకా జాగ్రత్తపడుతున్నారనుకుని క్లాసంతా కదలకుండా కూర్చుంది.

"వాళ్లు పోయిండ్రు సార్. ఇగ చెప్పుండ్రి" అంది ఆ అమ్మాయి, ధైర్యం చెబుతున్నట్టు.

ఆయన నావైపు చూసి చాక్‌పీసున్న చెయ్యి చాచారు. వెళ్లి అందుకున్నాను. ఏం చెప్పాలో తోచక బోర్డు మీది మాటే గట్టిగా చదివాను.

"మెల్లగ, సార్" అన్నారెవరో.